లెంత్ తప్పు ఎవరిది?

ఒక తప్పు ఒప్పుకోడానికి ఈ టపా రాస్తున్నాను. ఒప్పుకోలు నాలుగు ముక్కల్లో అయిపోతుంది గానీ, ఆ తప్పు ఎందుకు జరిగిందో చెప్పాలంటే ముందు వైర్‌షార్క్ అనే సాఫ్టువేరు గురించి కాస్త చెప్పాలి. నెట్‌వర్కు పనిలో ఉన్నవాళ్ళకి దీన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: కంప్యూటరులోంచి బయటకి పోయే, లోపలికి వచ్చే ప్యాకెట్లని పట్టుకుని, విప్పి, ఏ బైటు ఏమిటో మనిషికి అర్థమయ్యేలా వరసగా చూపించే ప్రోగ్రాము అది. ఉచితం. సోర్సు కోడు కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది.

నాకిది ఇంజనీరింగు మూడో ఏడాదిలో పరిచయం. టీసీపీ కనెక్షను మొదలయ్యేటప్పుడు రెండు కంప్యూటర్ల మధ్య మూడు సందేశాలు నడుస్తాయని పుస్తకంలో బొమ్మ ఉండేది. ఆ బొమ్మ వేసి ఇంటర్నల్ పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ అలా నిజంగా జరుగుతుందని నాకు నమ్మకం కుదిరింది మాత్రం, ల్యాబులో వైర్‌షార్క్ ఆన్ చేసి బ్రౌజరులో ఏదో పేజీ తెరిచిన రోజే. సిన్, సిన్-ఆక్, ఆక్.. మూడు లైన్లు, ఒకదాని కింద ఒకటి. పాఠంలో చదువుకున్న ఏనుగు మన వీధిలోకి నడిచొచ్చినట్టు అనిపించింది. అప్పటినుంచీ వైర్‌షార్క్ ఏం చెబితే నాకదే వేదం. మనుషులు అబద్ధమాడతారు, లాగులు అబద్ధమాడతాయి, ప్యాకెట్టు మాత్రం ఆడదు - అని మా ఫీల్డులో అందరూ అనే మాటే నేనూ అనేవాణ్ణి.

ఆ మాటలో ఒక మెలిక ఉంది. ప్యాకెట్టు అబద్ధమాడదు, నిజమే. కానీ అది మనతో నేరుగా మాట్లాడదు కదా, మధ్యలో దుబాసీ ఉంటాడు. ఆ సంగతి నాకు తట్టడానికి ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్ళే పట్టింది.

*

2024 ఫిబ్రవరి. హైదరాబాదులో, మొబైలు నెట్‌వర్కు పరికరాలు టెస్టు చేసే టీములో ఉన్నాను. మీరు ఫోనులో డేటా ఆన్ చెయ్యగానే, కంపెనీ వాళ్ళ నెట్‌వర్కు లోపల కొన్ని పెట్టెలు జీటీపీ అనే ప్రొటోకాల్‌లో మాట్లాడుకుని మీకొక దారి వేస్తాయి. ఆ మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డం మా పని. ఆ సందేశాల్ని తయారుచేసే కోడు మా పక్క టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి రాసింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చింది, చేరి ఆర్నెల్లు కూడా కాలేదు.

ఒక సాయంత్రం ల్యాబు మెషీనులో క్యాప్చరు ఫైలు తెరిస్తే, ఆమె కోడు పంపిన సందేశం మీద "మాల్‌ఫార్మ్‌డ్ ప్యాకెట్" అని పడింది. అంటే ప్యాకెట్టు ఉండాల్సిన తీరులో లేదు, చదవడం కుదరలేదు అని. వెంటనే స్క్రీన్‌షాటు తీసి మెయిలు కొట్టాను. "లెంత్ తప్పు వేశారు. ఇక ముందు పంపేముందు ఒకసారి వైర్‌షార్క్‌లో చూసుకుంటే బాగుంటుంది." రెండో వాక్యం అక్కర్లేదు. పైగా ఆ మెయిల్లో వాళ్ళ మేనేజరూ, మా మేనేజరూ, ఇంకో పదిమందీ ఉన్నారు.

రెండు రోజులపాటు ఆ అమ్మాయి స్పెసిఫికేషను ముందేసుకుని కూచుంది. మూడోరోజు చేతిలో కాయితంతో నా దగ్గరికి వచ్చింది. ప్యాకెట్టులోని బైట్లన్నీ చేత్తో రాసుకుని, ఒక్కోదాని కిందా అదేమిటో పెన్సిలుతో రాసింది.

"లెంత్ కరెక్టేనండీ. రెండుసార్లు లెక్కపెట్టాను."

"మరి వైర్‌షార్క్ ఎందుకు ఒప్పుకోవట్లేదు?"

"వైర్‌షార్క్‌దే తప్పేమో అండీ.."

నవ్వాను. "లోకమంతా వాడే టూలు తప్పు, మొన్న రాసిన మన కోడు రైటూనా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాయితం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కాయితం సాయంత్రం దాకా అలాగే ఉంది. ఇంటికి బయల్దేరే ముందు చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. అనుమానం వచ్చి అదే క్యాప్చరును నా ల్యాప్‌టాపులో తెరిచాను. అందులో 4.2 ఉంది. ఏ గొడవా లేదు. ప్రతి ఫీల్డూ చక్కగా, పేరు పేరునా కనబడుతోంది. ల్యాబు మెషీను దగ్గరికెళ్ళి వెర్షను చూశాను. 1.10. అంటే 2013 నాటిది!

జరిగిందేమిటంటే, ల్యాబులో అప్పటికింకా సెంటాస్ 7 నడుస్తోంది. అలాంటి పంపిణీల్లో వచ్చే సాఫ్టువేరు వెర్షన్లని ఒకచోట ఆపేసి, భద్రతకి సంబంధించిన సవరణలు మాత్రం పైన అతికిస్తూ ఉంటారు. సర్వర్లకి అది మంచిదే. కానీ త్రీజీపీపీ వాళ్ళు రిలీజు తర్వాత రిలీజు తెస్తూ ప్రొటోకాల్‌ని పెంచుకుంటూ పోతున్నారు. ఆ అమ్మాయి రాసింది కొత్త స్పెసిఫికేషను చూసి. అందులో ఒక ఎలిమెంటుకి చివర కొన్ని బైట్లు కొత్తగా చేరాయి. 2013 నాటి దుబాసీకి ఆ సంగతి తెలీదు. ఆ కొత్త బైట్లని ఇంకో ఎంట్రీకి మొదలనుకుని చదువుకుంటూ పోయి, ఎలిమెంటు హద్దు దాటేసి, "ప్యాకెట్టు చెడిపోయింది" అని చేతులెత్తేసింది. నేను ఆ తీర్పు పట్టుకుని పదిమందిలో ఒకరిని నిలదీశాను.

*

వైర్‌షార్క్‌లో ఒక్కో ప్రొటోకాల్‌నీ విప్పే కోడు ముక్కని డిసెక్టరు అంటారు. ఇంటర్లో బైపీసీ వాళ్ళు కప్పని కోసి చూసేవాళ్ళు చూడండి, ఆ డిసెక్షనే ఇది. ప్యాకెట్టు అంటే కవరులో కవరు. పై కవరు ఈథర్‌నెట్‌ది, 14 బైట్లు. దాన్ని విప్పితే లోపల ఐపీ, తక్కువలో తక్కువ 20 బైట్లు. దాన్లోపల యూడీపీ, 8 బైట్లు. యూడీపీలో పోర్టు నంబరు 2123 అని ఉంటే, లోపలున్నది జీటీపీ కంట్రోలు సందేశం అయ్యుంటుందని ఆ డిసెక్టరుకి అప్పగిస్తారు. ఇలా ఒకరు విప్పి ఇంకొకరి చేతికి ఇస్తూ పోతారు. మూడువేలకు పైగా ప్రొటోకాల్స్‌కి ఇలాంటి కోడు వైర్‌షార్క్‌లో ఉంది. ఎక్కువ భాగం సీ భాషలో.

ఇప్పుడాలోచించండి. ఈ మూడువేలలో ఏదీ ఉన్నచోట ఉండదు. ఒకదానికి కొత్త ఫీల్డు వస్తుంది, ఇంకోదానికి కొత్త ఎర్రర్ కోడు వస్తుంది, మరోదాన్ని ఎవరో తయారీదారు తన ఇష్టమొచ్చినట్టు సాగదీస్తాడు. ప్రపంచంలో ఎక్కడ ప్రొటోకాల్ మారినా ఇక్కడ ఒక ఫైలు పాతబడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని దాన్ని సరిచెయ్యాలి. ఇన్నేళ్ళు వాడుతూ ఆ "ఎవరో ఒకరు" ఎవరని నేనెప్పుడూ అనుకోలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, అంతే!

దీని పుట్టుక కూడా అప్పుడే చదివాను. జెరాల్డ్ కూంబ్స్ అనే ఆయన అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసేవాడు. అప్పట్లో ప్యాకెట్లు విప్పి చూపించే వ్యాపార సాఫ్టువేరు ఖరీదు 1500 డాలర్ల దాకా ఉండేది. పైగా అది వాళ్ళ దగ్గరున్న సొలారిస్, లినక్సుల మీద నడవదు. దాంతో తనే రాయడం మొదలుపెట్టి, 1998 జూలైలో ఈథీరియల్ అనే పేరుతో విడుదల చేశాడు. 2006లో ఆయన ఉద్యోగం మారాడు. పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. కోడు మాత్రం జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి దాన్ని ఎవరూ ఆపలేరు. అంచేత అదే కోడు, దాదాపు అదే జనం, వైర్‌షార్క్ అనే కొత్త పేరుతో ముందుకి సాగారు. 1.0 అని ధైర్యంగా అనుకునేసరికి 2008 వచ్చింది, అంటే దాదాపు పదేళ్ళు! 2023లో లాభాపేక్ష లేని ఫౌండేషను ఒకటి ఏర్పడి ఈ పని చూసుకుంటోంది.

ఇంకో సంగతి. బయటినుంచి వచ్చే ఏ ప్యాకెట్టునైనా విప్పి చూడాలి కాబట్టి, కావాలని చెడగొట్టిన ప్యాకెట్టు కూడా దీని కడుపులోకే వస్తుంది. 2004లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు, ఇందులో భద్రతా లోపాలు మరీ ఎక్కువగా ఉన్నాయని తమ పోర్ట్స్‌లోంచి తీసేశారు. అది అవమానమే. దానికి మందు ఒక్కరోజులో దొరికేది కాదు. ప్యాకెట్లు పట్టే పనిని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రాముగా విడగొట్టి, పెద్ద అధికారాలు దానికి మాత్రమే ఉంచారు. దాంతో, లక్షల లైన్ల డిసెక్టరు కోడుని రూట్ అధికారంతో నడపాల్సిన అవసరం పోయింది. మంచి క్యాప్చరు ఫైళ్ళు తీసుకుని వాటిలో బైట్లని ఎడాపెడా చెడగొట్టి, డిసెక్టర్ల మీదకి వదిలి, ఏది కూలుతుందో చూసే పరీక్షలు నడుపుతున్నారు. ఏళ్ళ తరబడి నడిచే ఇలాంటి పని వాడేవాడికి కనబడదు. మెనూలో కొత్త బటనొస్తే నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. ప్రోగ్రాము కూలిపోకుండా ఉన్నందుకు మాత్రం ఎవరం మెచ్చుకుంటాం?

*

సరే, మళ్ళీ నా కథకి వస్తాను. ఆ రాత్రే సోర్సు దింపుకుని, ఆ ఎలిమెంటుని చదివే కోడు ఎక్కడుందో వెతికాను. గిట్‌లో ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చూపించే కమాండు ఒకటుంది. దాని పేరు "బ్లేమ్", అంటే నింద. నేను నింద వెయ్యడానికి మనిషిని వెతుక్కుంటూ వెళ్తే, నా ఇబ్బందిని ఎన్నో ఏళ్ళ కిందటే తీర్చేసిన మనిషి కనిపించాడు. ఎవరో నాకు తెలీదు. ఏ దేశమో తెలీదు. స్పెసిఫికేషనులో ఫలానా సెక్షను ప్రకారం మార్చానని ఒక్క వాక్యం రాసి, ఐదారు లైన్లు కలిపి, తన దారిన తాను పోయాడు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

ఆ సిగ్గులోంచే ఏదో ఒకటి చేద్దామనిపించింది. మా క్యాప్చర్లలో ఒక కాజ్ కోడు పేరు లేకుండా ఉత్త నంబరుగా కనిపించడం అంతకుముందే చూసి ఉన్నాను. స్పెసిఫికేషనులో దానికి పేరుంది, వైర్‌షార్క్ పట్టికలో ఇంకా ఎక్కలేదు. చేర్చాల్సింది ఒక్క లైను. దాంతోపాటు, కొత్తగా వచ్చిన ఒక చిన్న ఎలిమెంటుని విప్పే కోడు కూడా రాశాను, ఓ ముప్ఫై లైన్లు.

రాయడం రెండు సాయంత్రాల పని. పంపడానికి ఆరు వారాలు పట్టింది. మా కంపెనీలో బయటి ప్రాజెక్టుకి కోడు పంపాలంటే లీగలు వాళ్ళ అనుమతి కావాలి. ఫారం నింపాను. "ఈ కోడు వల్ల కంపెనీకి వాణిజ్యపరంగా కలిగే నష్టం" అనే గడి ఉంది. ఏం రాయాలి? లాభం అనే గడి మాత్రం లేదు. మా ఆఫీసులో వందలమంది రోజూ ఈ సాఫ్టువేరు ఉచితంగా వాడడానికి ఏ ఫారమూ లేదు, ఏ గడీ లేదు. తీసుకునేటప్పుడు లేని అనుమానాలు ఇచ్చేటప్పుడు ఎందుకొస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈలోగా ఇంకో చిక్కు. డిసెక్టరు మారిస్తే, అది పనిచేస్తోందని చూపించడానికి నమూనా క్యాప్చరు కూడా ఇస్తే మంచిది. మా దగ్గరున్న క్యాప్చర్లు ఇవ్వలేం, ఇవ్వకూడదు. వాటిలో మనుషుల ఫోను నంబర్లుంటాయి, సిమ్ముల ఐఎమ్ఎస్ఐ నంబర్లుంటాయి. అక్కడ ఆ అమ్మాయి కాయితం పనికొచ్చింది. చేత్తో రాసిన బైట్లని క్యాప్చరు ఫైలుగా మార్చే టెక్స్ట్‌టుపీక్యాప్ అనే చిన్న ప్రోగ్రాము వైర్‌షార్క్‌తోనే వస్తుంది. ఆమెనే అడిగాను. నిజానికి అడగడానికి మొహం చెల్లలేదు, అయినా అడిగాను. ఇద్దరం కూర్చుని, టెస్టు నెట్‌వర్కుల కోసం కేటాయించిన 001 దేశపు కోడు వేసి, ఎవరికీ చెందని ఒక సిమ్ము నంబరుతో ప్యాకెట్టు తయారుచేశాం.

మొత్తానికి అనుమతి వచ్చింది, కోడు పంపాను. విండోసు, మ్యాకు, లినక్సు అన్నిటి మీదా కంపైలు అవుతోందో లేదో అవతల మెషీన్లే చూసి చెప్పాయి. ఒకచోట వార్నింగు వచ్చింది, సరిచేశాను. ఆ తర్వాత ఒక మెయింటెయినరు చూశాడు. ఫీల్డు పేర్లు స్పెసిఫికేషనులో ఉన్నట్టే ఉండాలి, సెక్షను నంబరు రాయండి.. ఇలాంటివి రెండు మూడు చెప్పాడు. చివర ఒక ప్రశ్న వేశాడు. నా కోడులో ఒక లూపు ఉంది: ఎంట్రీ లెంత్ చదువు, అంత ముందుకి జరుగు, మళ్ళీ చదువు. "ఆ లెంత్ సున్నా వస్తే?"

సున్నా వస్తే ముందుకి జరగదు. ఉన్నచోటే ఉండి అదే ఎంట్రీని ఎప్పటికీ చదువుతూనే ఉంటుంది. అలాంటి ప్యాకెట్టు ఒక్కటి నెట్‌వర్కులోకి వదిలితే చాలు, దాన్ని తెరిచిన ప్రతివాడి వైర్‌షార్కూ బిగుసుకుపోతుంది. వైర్‌షార్క్ భద్రతా ప్రకటనల్లో పదేపదే కనబడే తప్పుల్లో ఈ అంతులేని లూపు ఒకటి. "లెంత్ తప్పు వేశారు" అని పదిమందికి మెయిలు పెట్టిన నేను, లెంత్ దగ్గరే తప్పు చేశాను. ఆయన మాత్రం ఎవరికీ స్క్రీన్‌షాటు పంపలేదు. ఇకముందు పంపేముందు చూసుకుంటే బాగుంటుందని కూడా అనలేదు. ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. నేను సరిచేశాను, తీసుకున్నాడు. అంతే సంగతి.

*

ఆ మర్నాడు నా పాత మెయిలుకే జవాబుగా, అదే పదిమందికీ ఇంకో మెయిలు పెట్టాను. లెంత్ మొదటినుంచీ సరిగ్గానే ఉందనీ, మా ల్యాబు మెషీనులో ఉన్నది పదకొండేళ్ళ నాటి వెర్షననీ, చూసుకోకుండా నింద వేసినందుకు క్షమించమనీ రాశాను. నిజానికి ఇది నిజం తెలిసిన రోజునే రాయాల్సింది. ఆమెతో విడిగా సారీ చెప్పేసి, పదిమందికీ చెప్పడాన్ని రేపూ మాపూ అంటూ దాటేశాను. ఆ రెండు నెలలూ ఆమె మేనేజరు దృష్టిలో ఆమె లెంత్ లెక్కపెట్టడం రాని మనిషే. నేను ఒప్పుకోవాల్సిన అసలు తప్పు ఇదీ. వెర్షను పాతదవడం ఎవరికైనా జరుగుతుంది.

ఇప్పుడు నాకు తోచింది చెబుతాను. ఓపెన్ సోర్సు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా మాట్లాడేది స్వేచ్ఛ గురించి, డబ్బు గురించి. రెండూ ముఖ్యమే. కానీ కొలిచే పనిముట్ల సంగతి వచ్చేసరికి ఇంకోటి కూడా ఉంది. కూరగాయల కొట్లో తక్కెడకి తూనికలు-కొలతల వాళ్ళు వచ్చి ముద్ర వేస్తారు. మేం కోట్ల రూపాయల పరికరాలు బాగున్నాయా లేదా తేల్చేది, ఎవరి తప్పో, ఎవరి ఇంక్రిమెంటు పోవాలో తేల్చేది వైర్‌షార్క్ తక్కెడతో. దానికి ఏ ప్రభుత్వమూ ముద్ర వెయ్యదు. ఎవరో కొద్దిమంది ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని, సున్నా వస్తే ఏమవుతుందని అడుగుతూ ఉండబట్టి అది నిజం చెబుతోంది. వాళ్ళు మానేసిన రోజున ఆగిపోదు, అదీ ప్రమాదం. మా ల్యాబులోని 1.10 లాగే నడుస్తూనే ఉంటుంది, తప్పు చెబుతూ.

అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళకి మూడు మాటలు. ఎవరినైనా తప్పు పట్టేముందు మీ టూలు ఏ వెర్షనో చూడండి. టూలు తప్పు చెబుతోందని తేలితే, పక్కవాడికి చెప్పి ఊరుకోకుండా బగ్గు రాయండి. సీ రాకపోయినా ఫరవాలేదు, సరైన చిన్న క్యాప్చరూ స్పెసిఫికేషనులో సెక్షను నంబరూ ఇస్తే సగం పని అయినట్టే. మూడోది మేనేజర్లకి: ముప్ఫై లైన్లు ఇవ్వడానికి ఆరు వారాలు పట్టకుండా చూడండి. మీరు తీసుకున్న దాంట్లో అది ఆవగింజంత కూడా కాదు.

మా ల్యాబు మెషీన్లు ఆ ఏడాదే మార్చారు. నా మొహం చూసి కాదు లెండి, 2024 జూన్ నెలాఖరుతో సెంటాస్ 7కి కాలం చెల్లింది కాబట్టి :) అనుమతి ఫారం మాత్రం అలాగే ఉంది, ఆ గడితో సహా. పోయిన నెలలో ఆ అమ్మాయి ఇంకో డిసెక్టరుకి సవరణ పంపడానికి అదే ఫారం నింపుతూ, నష్టం గడిలో ఏం రాయాలని నన్నడిగింది.

సున్నా అని రాయమన్నాను.

"సున్నా వస్తే ఏమవుతుందో చూసుకున్నారా?" అంది.